ఒకే సిరప్, వేరు వేరు పవర్: పిల్లల మందుల్లో పొరపాట్లు ఎక్కడ జరుగుతున్నాయి?

గోదారి_అమ్మ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. మా పాపకి పద్నాలుగు నెలలు, 9 కిలోలు. జ్వరం వస్తే వాడమని డాక్టర్ గారు పోయిన నెల పారాసిటమాల్ సిరప్ రాశారు. చీటీలో బ్రాండ్ పేరు, పక్కన "5 ఎంఎల్", అంతే. అప్పుడు మా వీధి చివర షాపులో ఇచ్చిన సీసా మీద 5 ఎంఎల్‌కి 125 ఎంజీ అని ఉంది. నిన్న అదే చీటీ బస్టాండ్ దగ్గర షాపులో చూపిస్తే అదే పేరు, ఇంచుమించు అదే డబ్బా ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే 250 ఎంజీ అని ఉంది. పోసేముందు చదివాను కాబట్టి ఆగాను. వెళ్ళి అడిగితే "రెండూ జ్వరం మందేనమ్మా, ఏం కాదు" అన్నారు.

ఆసుపత్రిలో చేర్చిన పిల్లలకైతే నర్సు దగ్గరుండి ఇస్తుంది. ఓపీలో చూపించుకుని వచ్చాక మందు పోసేది మనమే. చీటీ చేతిలో పడ్డప్పటి నుంచి మందు పాప నోట్లో పడేదాకా ఇలాంటివి ఇంకా ఎక్కడెక్కడ జరుగుతాయో తెలిసినవాళ్ళు చెప్పండి. డాక్టర్లు, మెడికల్ షాపు వాళ్ళు ఎవరైనా ఉంటే తప్పకుండా రాయండి.

పిల్లల_డాక్టర్_బెజవాడ

అమ్మా, మీరు ఆగడం చాలా మంచిపని. లెక్క చెప్తాను, అందరికీ పనికొస్తుంది.

పారాసిటమాల్ పిల్లలకి వయసుని బట్టి కాదు, బరువుని బట్టి ఇస్తాం. కిలోకి 10 నుంచి 15 ఎంజీ. మీ పాప 9 కిలోలు కాబట్టి పూటకి 90 నుంచి 135 ఎంజీ దాకా ఇవ్వొచ్చు. 125 సీసాలోంచి 5 ఎంఎల్ పోస్తే 125 ఎంజీ వెళ్తుంది, సరిగ్గా సరిపోతుంది. 250 సీసాలోంచి అదే 5 ఎంఎల్ పోస్తే 250 ఎంజీ, అంటే కిలోకి దాదాపు 28 ఎంజీ. రెట్టింపు. ఒక్కసారి అలా పడితే సాధారణంగా ప్రమాదం ఉండదు. కానీ జ్వరం మూడు రోజులుండి, రోజుకి నాలుగు సార్లు అలాగే పడుతూ పోతే కాలేయం దెబ్బతింటుంది. పారాసిటమాల్‌తో అసలు భయం అక్కడే.

ఇంతకంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మూడో సీసా: పసిపిల్లల డ్రాప్స్. వాటిలో ఒక్క ఎంఎల్‌కే 100 ఎంజీ ఉంటుంది. అంటే 5 ఎంఎల్‌కి 500! సీసా చిన్నది, పసిపాప బొమ్మ ఉంటుంది, కాబట్టి "ఇది తేలిక మందు" అనుకుంటారు. నిజానికి ఆ మూడింటిలో అన్నిటికంటే గాఢమైనది అదే. మీ పాపకి డ్రాప్స్ అయితే 1.2 ఎంఎల్ చాలు. సిరప్ అనుకుని చెంచాతో 5 ఎంఎల్ పోస్తే కిలోకి 55 ఎంజీ దాటుతుంది.

అందుకే "5 ఎంఎల్" అని మాత్రమే రాసిన చీటీ సగం చీటీ. పాప బరువు, మందు పవర్, ఎన్ని ఎంఎల్: ఈ మూడు అంకెలూ ఉంటేనే దాన్ని ఎవరైనా సరిచూడగలరు. మూడింట్లో ఒకటి లేకపోయినా తప్పు ఉందో లేదో కనిపెట్టే దారి మూసుకుపోతుంది.

ఇంకొకటి. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, 24 గంటల్లో నాలుగు సార్లు దాటకూడదు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోవద్దు, వెంటనే చూపించాలి.

మందులకొట్టు_ఖమ్మం

నేను ఫార్మసిస్టుని, సొంత షాపు. డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం, కౌంటర్ ఇవతలి నుంచి నేనూ కొంత చెప్తాను.

సాయంత్రం ఏడు గంటలకి పిల్లల క్లినిక్‌లన్నీ ఒకేసారి వదులుతాయి. కౌంటర్ మీద పది చేతులు, పది చీటీలు. ఒక చీటీలో బ్రాండ్ పేరు మాత్రమే ఉంటుంది. ఆ బ్రాండ్‌లో 125 ఉంది, 250 ఉంది, డ్రాప్స్ ఉన్నాయి, వేరే మందు కలిపిన కాంబినేషన్ కూడా ఉంది. పేరు వెనక "డీఎస్", "ఫోర్టే", "ప్లస్" అన్న తోక ఉందా లేదా అన్నది ఆ గీతల్లో కనపడదు. అక్కడ ఊహించి ఇచ్చేవాడు ఇస్తాడు. నేనైతే "పాప ఎన్ని కిలోలు?" అని అడుగుతా. సగం మంది బరువు చెప్పలేరు, "రెండేళ్ళు" అంటారు. రెండేళ్ళ పిల్లల్లో 9 కిలోలవాళ్ళూ ఉంటారు, 14 కిలోలవాళ్ళూ ఉంటారు.

పారాసిటమాల్ ఒక్కటే అనుకోకండి. అమాక్సిసిలిన్ క్లావులనేట్ డ్రై సిరప్ (నీళ్ళు కలపాల్సిన పొడి) 5 ఎంఎల్‌కి 228.5 ఎంజీ, 457 ఎంజీ అని రెండు రకాలు. అజిత్రోమైసిన్ 100, 200. సెఫిక్సిమ్ 50, 100. ప్రెడ్నిసొలోన్ 5, 15: ఇది మూడు రెట్ల తేడా, పైగా స్టెరాయిడ్. ముక్కులో వేసే జైలోమెటజోలిన్ చుక్కలు పిల్లలవి 0.05 శాతం, పెద్దలవి 0.1 శాతం. ఇంట్లో పెద్దవాళ్ళకి తెచ్చిన చుక్కలే పిల్లాడి ముక్కులో వేసేవాళ్ళు ఎంతమందో.

ఇంకో గండం: యూనిట్ లేని అంకె. డ్రాప్స్ పేరు రాసి పక్కన "1/2 - 1/2 - 1/2" అని రాస్తారు. అర ఎంఎల్లా, అర చెంచానా? అర చెంచా అంటే 2.5 ఎంఎల్. ఐదు రెట్లు! అలాగే ".5" అని రాస్తే చుక్క కనపడక 5 అని చదువుతారు. "0.5" అని ముందు సున్నా పెట్టాలి. "5.0" అని వెనక సున్నా పెట్టకూడదు, అది 50 లాగా కనిపిస్తుంది.

అక్షరాల గురించి నియమాలు లేక కాదు. మందులు జెనరిక్ పేరుతో, చదవగలిగేలా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ చెప్పింది. చదవగలిగే ప్రిస్క్రిప్షన్ రోగి హక్కు అని, అది రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కిందికి వస్తుందని 2025 ఆగస్టులో పంజాబ్ హర్యానా హైకోర్టు కూడా చెప్పింది. డాక్టర్ గారూ, తప్పుగా అనుకోవద్దు కానీ మా వైపు తప్పుల్లో చాలా భాగం మీ చీటీ దగ్గరే మొదలవుతాయి.

పిల్లల_డాక్టర్_బెజవాడ

తప్పుగా ఎందుకు అనుకుంటాను, ఒప్పుకోవాల్సిన మాటే. కాకపోతే ఒకటి: అదే షాపుల్లో చీటీ లేకుండా యాంటీబయోటిక్ ఇవ్వడం, పాత చీటీకి కొత్త మందు ఇవ్వడం, చదువుకోని కుర్రాడిని కౌంటర్ దగ్గర నిలబెట్టడం కూడా జరుగుతోంది. ఆర్నెల్ల కిందటి చీటీలోని డోసు ఆర్నెల్ల కిందటి బరువుకి రాసింది. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఐదో నెలకి రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. అందుకని పసివాళ్ళ చీటీని దాచిపెట్టి మళ్ళీ వాడకండి.

మందులకొట్టు_ఖమ్మం

అది నిజమే సార్. ఆ పని చేసేవాళ్ళని నేను వెనకేసుకు రాను.

నాన్నమ్మ_ముచ్చట్లు (తెనాలి)

మేము నలుగురు పిల్లల్ని చెంచాలతోనే పెంచాం. ఉగ్గుగిన్నెతో పోశాం. ఇప్పుడు మా కోడలు సిరంజి అంటోంది. చెంచాతో పోస్తే అంత తేడా వస్తుందా నాయనా? అడగడం తెలుసుకోవడానికే.

సిస్టర్_పీహెచ్‌సీ (విజయనగరం జిల్లా)

నాన్నమ్మ గారూ, మంచి ప్రశ్న. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. మందు లెక్కలో ఒక చెంచా అంటే 5 ఎంఎల్. మన ఇళ్ళల్లో టీ చెంచా, పంచదార చెంచా, పప్పు వడ్డించే చెంచా అన్నీ చెంచాలే. ఒకటి 3 ఎంఎల్ పడితే ఇంకోటి 8 పడుతుంది. ఓ రోజు టీకాల కోసం వచ్చిన తల్లులని వాళ్ళ ఇంటి చెంచా తెమ్మని, సిరంజితో నీళ్ళు పోసి చూపించాను. చూశాక ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. మీరూ మీ కోడలి సిరంజితో ఇంట్లో చెంచాలని కొలిచి చూడండి.

సీసాతో వచ్చే మూత కప్పు కూడా అంత నమ్మకం కాదు. గీతలు లోపలి వైపు ఉంటాయి, పారదర్శకం కాబట్టి ఏ గీతో తెలియదు, చేతిలో పట్టుకుంటే వంగుతుంది. కింద పెట్టి, కళ్ళకి సమానంగా వంగి చూస్తే తప్ప సరిగ్గా రాదు. అమెరికాలో రెండు వేల మందికి పైగా తల్లిదండ్రులతో ద్రవ మందులు కొలిపించి చూశారు, 2016లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. 84 శాతం మంది కనీసం ఒక్కసారైనా కొలత తప్పారు. కప్పుతో కొలిచినప్పుడు సిరంజి కన్నా తప్పులు చాలా ఎక్కువ.

మా దగ్గర చదవడం రాని తల్లులు, తాతమ్మలు ఎక్కువ. వాళ్ళకి "మూడున్నర ఎంఎల్" అని చెప్పి పంపితే గుమ్మం దాటేలోపే మర్చిపోతారు. అందుకని నేను సూది తీసేసిన 5 ఎంఎల్ సిరంజి తీసుకుంటాను. తెల్ల ప్లాస్టర్ సన్నగా కత్తిరించి, ఎంతవరకు లాగాలో ఆ గీత దగ్గర చుట్టూ అతికిస్తాను. ప్లాస్టర్ అంచు సరిగ్గా ఆ గీత మీదికే వచ్చేలా. తర్వాత ఆమె చేతికిచ్చి "నువ్వు లాగి చూపించమ్మా" అంటాను. లాగి చూపించిందాకా సీసా ఇవ్వను. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు, ఆ ఊపడం మీద నాకు నమ్మకం లేదు. చేసి చూపించమంటే బుడగలు వచ్చినా, మొత్తం లాగేసినా అక్కడే కనపడుతుంది.

సిరంజి వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. సూది, దాని మూత ఇంటికి వెళ్ళకూడదు. ఆ చిన్న మూత పిల్లల గొంతులో ఇరుక్కుంటుంది. మందు నాలుక మీద సూటిగా కొట్టకుండా బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా వదలాలి, లేకపోతే పొలమారుతుంది.

నాన్నమ్మ_ముచ్చట్లు (తెనాలి)

కొలిచాం సిస్టరమ్మా. మా ఇంట్లో చెంచాలు ఒక్కటీ ఒకలా లేదు. ఇక సిరంజే.

డాలస్_బాబాయ్

మా దగ్గర వేరే చిక్కు. ఇక్కడ పసిపిల్లలకీ, పెద్దపిల్లలకీ పారాసిటమాల్ ద్రవం ఒకటే పవర్: 5 ఎంఎల్‌కి 160 ఎంజీ. పేరు కూడా ఇక్కడ అసిటమినోఫెన్. ఇదివరకు ఇక్కడ కూడా గాఢమైన డ్రాప్స్ వేరుగా ఉండేవి. సిరప్ కొలతతో డ్రాప్స్ పోసి పిల్లలకి ప్రమాదాలు జరుగుతున్నాయని కంపెనీలు 2011లో వాటిని ఆపి, ఒకటే పవర్‌కి వచ్చాయి. 

ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్యలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో అక్కడి సిరప్‌లు తెస్తారు. 250 సీసా అల్మరాలో ఇక్కడి 160 సీసా పక్కన కూర్చుంటుంది. పగలు పిల్లాడిని చూసుకునే అమ్మమ్మ ఆ సీసాలోంచి, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన అమ్మ ఈ సీసాలోంచి పోస్తారు. రెండు పేర్లు వేరు కాబట్టి రెండూ వేరే మందులనుకుంటారు. మేము ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం: ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకి, ఎవరు పోశారు. రాయకుండా ఎవరూ పోయకూడదు. ఇద్దరు ముగ్గురు చూసుకునే ఇంట్లో ఇది లేకపోతే డబుల్ డోసు పడటం ఖాయం. ఉమ్మడి కుటుంబాలకి ఇంకా అవసరం.

పిల్లల_డాక్టర్_బెజవాడ

బాబాయ్ గారు చెప్పిన రెండు పేర్ల సమస్య ఇక్కడ కాంబినేషన్ల రూపంలో ఉంది. ఐబుప్రొఫెన్‌తో పారాసిటమాల్, మెఫెనమిక్ యాసిడ్‌తో పారాసిటమాల్, జలుబు సిరప్‌లో పారాసిటమాల్. ఒక డాక్టర్ జ్వరానికి ఒకటి రాస్తారు, ఇంకోచోట జలుబుకి మరొకటి ఇస్తారు. తల్లి దృష్టిలో రెండు మందులు, పాప కడుపులో ఒకే మందు రెండుసార్లు. సీసా ముందు వైపు ఉన్న పెద్ద పేరు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో "ప్రతి 5 ఎంఎల్‌లో" అన్న చోట ఏముందో చదవండి. నా ఓపీలో మొదటి మాట ఇప్పుడు "ఇంట్లో వాడుతున్న సీసాలన్నీ తెచ్చారా?" అన్నదే. ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చినా చాలు.

కడప_నాన్న

మా బాబుకి ఆరేళ్ళు, ఫిట్స్‌కి ఫెనిటోయిన్ సిరప్ వాడుతున్నాం. ఇలాంటి రోజూ వాడే మందుల గురించి కూడా చెప్పండి. మేము ఊరు మారినప్పుడు కొత్త షాపులో వేరే కంపెనీది ఇవ్వబోయారు. మాకు రాసింది 5 ఎంఎల్‌కి 30 ఎంజీ, వాళ్ళు తీసింది 125. మా న్యూరాలజిస్టు మొదటి రోజే "సీసా మారితే నాకు ఫోన్ చేయకుండా ఒక్క చుక్క పోయొద్దు" అని చెప్పి ఉండటం వల్ల గట్టెక్కాం.

మందులకొట్టు_ఖమ్మం

నాలుగు రెట్ల పైన తేడా అన్నా అది. ఆ మందు కొంచెం ఎక్కువైనా పిల్లాడు తూలుతూ నడుస్తాడు, కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి, మగతగా ఉంటాడు. తక్కువైతే ఫిట్స్ తిరగబెడతాయి.

ఆ సిరప్‌లో ఇంకో సంగతి ఉంది. మందు అడుగున పేరుకుంటుంది. కదపకుండా వాడితే మొదటి రోజుల్లో పైన తేట నీళ్ళలాంటి భాగం పడి మందు తక్కువ అందుతుంది, సీసా అడుగుకి వచ్చేసరికి ముద్దలాంటిది పడి ఎక్కువ అందుతుంది. ప్రతిసారీ బాగా కదిపి, నురగ తగ్గాక కొలవాలి. "కదిపి వాడుము" అని సీసా మీద ఉన్నది మామూలుగా రాసే మాట అనుకుని వదిలేస్తాం, ఈ మందుకి అదే ప్రాణం.

డ్రై సిరప్ సంగతి కూడా చెప్పేస్తాను, రోజూ చూసే తప్పు ఇది. పొడి సీసా ఇంటికి పట్టుకెళ్ళి నీళ్ళు కలుపుతారు. సీసా మీద బాణం గుర్తు ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళు ముందు సగం దాకా పోసి, మూత పెట్టి, పొడి ముద్దలు లేకుండా బాగా ఊపాలి. మళ్ళీ గుర్తు దాకా పోసి ఊపాలి. ఒకేసారి పైదాకా పోసి ఊపితే నురగ దిగాక నీళ్ళు గుర్తు కిందకి వస్తాయి. నురగ దిగింది చూసి ఆ రోజే గుర్తు దాకా సరిచేయొచ్చు. రెండో రోజు ఒక డోసు వాడాక మట్టం తగ్గిందని మళ్ళీ నీళ్ళు పోసేవాళ్ళు ఉన్నారు, దాంతో మందు పలచబడి జబ్బు లొంగదు. అందుకే నేను షాపులోనే కలిపి ఇస్తాను. సీసా మీద కలిపిన తేదీ మార్కర్‌తో రాస్తాను. అమాక్సిసిలిన్ క్లావులనేట్ అయితే ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. దాచి, నెల తర్వాత తమ్ముడికి పోయకూడదు.

సూరీడు_హైదరాబాద్

ఇదంతా చదువుతుంటే సిరప్‌లే మానేసి మాత్ర సగం విరిచి నీళ్ళలో కలిపి ఇస్తే పోలేదా అనిపిస్తోంది. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లో దగ్గు మందు తాగి అంతమంది పసిపిల్లలు చనిపోయాక మా అపార్ట్‌మెంట్లో చాలామంది ఏ సిరప్ అయినా పోయడానికే భయపడుతున్నారు.

పిల్లల_డాక్టర్_బెజవాడ

మీ భయం అర్థమవుతుంది. కానీ కొలత తప్పు, కల్తీ మందు, ఈ రెండూ విడదీసి చూడాలి. మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో ఇరవై మందికి పైగా పిల్లల్ని పొట్టనపెట్టుకున్నది కొలత తప్పు కాదు. తమిళనాడులో తయారైన కోల్డ్‌రిఫ్ అనే ఆ సిరప్‌లో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం తేలింది. ఉండదగ్గ పరిమితి 0.1 శాతం. కిడ్నీలు ఆగిపోయాయి. అలాంటిదాన్ని ఇంట్లో ఎంత జాగ్రత్తగా కొలిచినా ఏ తల్లీ ఆపలేదు. అది తయారీదారు, డ్రగ్ కంట్రోల్ యంత్రాంగం సమాధానం చెప్పాల్సిన నేరం.

మన చేతిలో ఉన్నది ఒకటుంది: అసలు ఆ దగ్గు మందు అవసరమా అని అడగడం. ఆ ఘటన తర్వాత కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ స్పష్టంగా చెప్పింది: రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా సిఫార్సు చేయరు. అంతకుముందు 2023 డిసెంబర్‌లోనే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన డ్రాప్స్ నాలుగేళ్ళ లోపు వాడకూడదని డబ్బా మీద రాయాలని ఆదేశం ఉంది. నిమెసులైడ్ 2011 నుంచే పన్నెండేళ్ళ లోపు పిల్లలకి నిషేధం. అయినా పల్లెల్లో కొందరు ఆర్‌ఎంపీల దగ్గర పెద్దవాళ్ళ మాత్ర పావు చేసి ఇవ్వడం వింటూనే ఉన్నాం. పిల్లల జలుబు చాలావరకు వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ముక్కులో సెలైన్ చుక్కలు, తల్లిపాలు, గోరువెచ్చని ద్రవాలు చాలు. రాయని మందులో పొరపాటు జరగదు.

మాత్ర విరిచే ఆలోచన మాత్రం వద్దు. గీత లేని మాత్ర సమానంగా విరగదు, పైపూత ఉన్నవాటిని విరవనే కూడదు. పెద్దల 650 ఎంజీ పారాసిటమాల్ మాత్రలో ముక్క చేస్తే 9 కిలోల బిడ్డకి ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. పిల్లలకి నీళ్ళలో కరిగే మాత్రలు కొన్ని ఉన్నాయి, విరేచనాలకి ఇచ్చే జింక్ అలాంటిదే. అవి డాక్టర్ రాసినట్టు వాడుకోవచ్చు.

సిస్టర్_పీహెచ్‌సీ (విజయనగరం జిల్లా)

జింక్ పేరు వచ్చింది కాబట్టి ఓఆర్‌ఎస్ గురించి ఒక ముక్క. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 ఎంఎల్‌కి. లీటరు ప్యాకెట్‌ని ఒక గ్లాసులో కలిపి తాగించేవాళ్ళని చూస్తూనే ఉంటాం. ఉప్పు ఎక్కువై బిడ్డకి ఫిట్స్ కూడా రావచ్చు. కొంచెం పొడి వేసి మిగతా ప్యాకెట్ మడిచి దాచడం కూడా తప్పే, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి పానీయాల మీద హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. చక్కెర ఎక్కువుంటే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. డబ్బా మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

మామిడితోట (నూజివీడు)

డాక్టర్ గారూ, మా మూడు నెలల బాబుకి విటమిన్ డి చుక్కలు రోజూ వేయమన్నారు. మా అత్తగారికి వారానికొకటి వాడే 60,000 యూనిట్ల చిన్న సీసాలు ఇంట్లో ఉన్నాయి. రెండిటి మీదా డి3 అనే ఉంది. మార్చి వాడితే?

పిల్లల_డాక్టర్_బెజవాడ

అస్సలు వద్దమ్మా. చిన్నబిడ్డకి రోజుకి కావాల్సింది 400 యూనిట్లు. ఆ సీసాలో ఉన్నది 150 రోజుల మందు. అది రోజూ పడితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, బరువు తగ్గడం, కిడ్నీలకి దెబ్బ. ఆ సీసాలు ఈ రోజే వేరే అరలోకి, పై అరలోకి మార్చండి. మీ బాబు డ్రాప్స్ మీద కూడా ఒకసారి చూడండి: ఎంఎల్‌కి 400 ఉన్నవీ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. 800 అయితే అర ఎంఎల్ చాలు. ఒక కంపెనీ డ్రాపర్ ఇంకో సీసాలో వాడకండి, గీతలు వేరుగా ఉంటాయి.

కడప_నాన్న

ఒకవేళ ఎక్కువ పోసేశామని తెలిస్తే వెంటనే ఏం చేయాలి? ఉప్పునీళ్ళు తాగించి కక్కించమని మా వైపు చెప్తారు.

పిల్లల_డాక్టర్_బెజవాడ

కక్కించొద్దు. ఉప్పునీళ్ళు అదనపు విషం అవుతాయి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సీసా, చీటీ చేతిలో పట్టుకుని, ఎంత పోశారు, ఎన్ని గంటలకి పోశారు రాసుకుని డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎయిమ్స్ ఢిల్లీలోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. బిడ్డ మగతగా ఉన్నా, ఊపిరి తేడాగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా 108. పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు మొదటి రోజు పిల్లలు హాయిగా ఆడుకుంటూనే ఉంటారు, అది చూసి ఊరుకోకండి. దానికి విరుగుడు ఎన్-అసిటైల్‌సిస్టీన్ ఉంది, తొందరగా ఇస్తే బాగా పనిచేస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222.

అలాగే మందు వల్ల ఏదైనా చెడు జరిగితే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకి చెప్పొచ్చు, 1800 180 3024. మామూలు జనం కూడా చెప్పొచ్చు. చెప్తే ఎవరినో ఇరికించినట్టు కాదు.

గోదారి_అమ్మ (రాజమండ్రి)

ఇన్ని విషయాలు రాసినందుకు అందరికీ నమస్కారాలు. ఒక్కటి మిగిలింది. ఇవన్నీ అడగాలంటే డాక్టర్ ఎదురుగా నోరు పెగలదు. బయట నలభై మంది కూర్చుని ఉంటారు, "నాకే పాఠాలు చెప్తున్నావా" అనుకుంటారేమోనని మొహమాటం. గట్టిగా మాట్లాడితే ఈసారి పాపని సరిగ్గా చూస్తారో లేదో అన్న భయం కూడా. ఎలా అడగాలి?

సిస్టర్_పీహెచ్‌సీ (విజయనగరం జిల్లా)

అమ్మా, మందు మీద అనుమానం ఉన్నట్టు అడగకండి, పాప బరువు మీద అడగండి. "సార్, పాప ఈ రోజు 9 కిలోలు తూగింది, దానికి ఇది ఎన్ని ఎంఎల్ అవుతుందో చీటీ మీద వేస్తారా?" అంటే ఏ డాక్టరూ నొచ్చుకోరు. లోపలికి వెళ్ళే ముందే బయట నర్సుతో తూయించి, ఆ అంకె చీటీ పైన రాయించుకోండి. చాలాచోట్ల తూకం యంత్రం మూల పడి ఉంటుంది, మీరు అడిగితేనే బయటికి వస్తుంది. చెప్పులు, స్వెట్టరు తీసి తూయండి. డాక్టర్ దగ్గర మాట రాకపోతే బయటికొచ్చాక మమ్మల్ని అడగండి, అది మా ఉద్యోగం.

పిల్లల_డాక్టర్_బెజవాడ

సిస్టర్ గారు చెప్పిన మాట కంటే మంచి మాట నా దగ్గర లేదు. మా వృత్తిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే నేను రాసే పద్ధతి ఇదీ, కావాలంటే వాడుకోండి:

బరువు: 12.4 కిలోలు (ఈ రోజు తూచినది)
పారాసిటమాల్ సిరప్, 5 ఎంఎల్‌కి 250 ఎంజీ
పూటకి 3.5 ఎంఎల్ (175 ఎంజీ), జ్వరం ఉంటేనే
ఆరు గంటలకి ఒకసారి, రోజుకి నాలుగు సార్లు దాటొద్దు
మూడు రోజులు దాటి జ్వరం ఉంటే తీసుకురండి

చివరి మూడు వరుసలు తెలుగులోనే రాస్తాను. టీడీఎస్ (రోజుకి మూడుసార్లు), ఎస్‌ఓఎస్ (అవసరమైతేనే) అని ఇంగ్లీషు పొట్టి అక్షరాల్లో రాస్తే ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓపీ ఎంత రద్దీగా ఉన్నా దీనికి పట్టే సమయం అర నిమిషం. ఎంజీ రాస్తే తల్లులు కంగారు పడతారని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. ఎంజీ తల్లి కోసం కాదు, షాపులో నా తప్పు పట్టుకోగలిగిన ఫార్మసిస్టు కోసం.

మందులకొట్టు_ఖమ్మం

ఇలాంటి చీటీ వస్తే నా పని సగం అయిపోయినట్టే సార్. ఇంకొక్కటి కలపండి: మీరు 250 రాసిన రోజు నా దగ్గర 125 మాత్రమే ఉందనుకోండి. "ఇది ఉంది, ఏడు ఎంఎల్ పోయండి" అని నోటి మాటగా చెప్పి పంపకూడదు, ఇంటికెళ్ళేసరికి చీటీలో ఉన్న 3.5 గుర్తుంటుంది, నా మాట గుర్తుండదు. నేను మీకు ఫోన్ చేసి, మీరు సరే అన్నాక చీటీ మీద పాత పవర్, పాత ఎంఎల్ రెండూ కొట్టేసి కొత్తవి రాసి సంతకం పెడతాను, సీసా మీద కూడా రాస్తాను. రాత్రి పూట ఫోన్ ఎత్తే నంబరు ఒకటి మీ లెటర్‌హెడ్ మీద వేయించండి.